పాత చిన్న కారుకి తుప్పు పట్టింది: ఏ చిల్లుకి ఏ వైద్యం, కొత్తగా వెల్డింగ్ నేర్చుకునేవారికి ఏ మెషిన్

కందిగింజంత బుడగ ఒకటి పెయింట్ కింద లేస్తుంది. గోటితో గీకితే పెచ్చు ఊడి గోధుమరంగు పొడి రాలుతుంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి కాస్త నొక్కితే పిడి దాకా దిగిపోతుంది. పాత చిన్న కారు ఇంటికి తెచ్చుకున్నవాళ్ళలో ఈ అనుభవం లేనివాళ్ళు తక్కువ. ఆ వెంటనే అందరూ అడిగేది ఒకటే: "ఏ వెల్డింగ్ మెషిన్ కొనాలి?"

నన్నడిగితే అది రెండో ప్రశ్న. చిల్లు ఎక్కడ పడిందన్నది మొదటి ప్రశ్న. అక్కడి రేకు ఉత్తినే వానని, దుమ్మునీ ఆపుతోందా, లేక బండి బరువు మోస్తోందా? ఇది తేలితే ఏ మెషిన్, ఏ అతుకు, మనం చేయాలా తెలిసినవాళ్ళకి అప్పగించాలా అన్నవన్నీ సగం వాటంతటవే తేలిపోతాయి.

ముందు సుత్తి, స్క్రూడ్రైవర్, సుద్దముక్క

ఇనుము తుప్పుగా మారేటప్పుడు కొన్ని రెట్లు ఉబ్బుతుంది. రెండు రేకులు కలిసే చోట తేమ చేరితే ఆ ఉబ్బు అతుకుని విడదీస్తుంది, విడిపోయిన సందులోకి ఇంకా నీళ్ళు పోతాయి. అందుకే మనకి కనిపించే బుడగల్లో చాలావరకు లోపలి వైపు నుంచి రేకుని తిని తిని చివరికి బయటపడ్డవే. బయట గోరంత ఉంటే లోపల అరచేతంత ఉందనుకుని పని మొదలుపెడితే నిరాశ తక్కువ.

కారు కింద దూరే ముందు జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా గట్టి స్టాండుల మీద నిలబెట్టండి. లోపల కార్పెట్లు తీసేయండి. చిన్న సుత్తితో తడుతూ వెళ్తే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్ళినది దబ్బుమని బొంగురుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన ప్రతిచోటా స్క్రూడ్రైవర్‌తో పొడిచి సుద్దతో గీత గీయండి. ఇక్కడ మొహమాటపడొద్దు. పొడిస్తే పడే చిల్లు పొడవకపోయినా ఉన్నట్టే.

గీతలన్నీ అయ్యాక వాటిని మూడు రకాలుగా విడదీసుకోవచ్చు. మొదటిది బోల్టులు విప్పితే ఊడి వచ్చేవి: బానెట్, డోర్లు, చాలా కార్లలో ముందు ఫెండర్లు. వీటికి వెల్డింగ్ నేర్చుకోవడం దండగ, మంచి పాత ముక్క దొరికితే మార్చేయడమే సులువు. రెండోది కాళ్ళ కింద ఫ్లోరు, స్పేర్ టైరు గుంత, బ్యాటరీ కూర్చునే పళ్ళెం లాంటివి. ఇవే కొత్తవాళ్ళకి బడి. అయితే సీటు, సీటు బెల్టు బిగించే చోట్ల చుట్టుపక్కల ఫ్లోరుని ఇందులో కలపొద్దు. అది బరువు మోసే మూడో రకం. డోర్ల కింద పొడవునా పెట్టెలా ఉండే సిల్, ఛాసిస్ పట్టీలు, సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ పెట్టే చోట్లు, పైకప్పుని మోసే స్తంభాలు కూడా ఆ మూడో రకంలోకే వస్తాయి.

ఒక్కో కారుకి ఒక్కో రోగం. 1959 నుంచి 2000 దాకా తయారైన బ్రిటిష్ చిన్న కారు పాత మినీకి వేరే ఛాసిస్ లేదు, సిల్‌లే వెన్నెముకలాగా పనిచేస్తాయి. కుళ్ళిన సిల్‌ని కోసి తీయకుండా దాని మీదే వెడల్పాటి కొత్త సిల్ కప్పి అంచులు అతికించిన మినీలు చాలా ఉన్నాయి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, యాసిడ్ కారి అక్కడి ఫ్లోరు ముందుగా పోతుంది. అదే బండిలో వేడిగాలి పంపే గొట్టాల్లాంటి పక్క పెట్టెలు బాడీ బరువుని కూడా మోస్తాయి. హీటరు పని చేయకపోయినా పర్వాలేదులే అని వాటిని వదిలేయడానికి లేదు. మీ కారు మోడల్‌లో ఎక్కడెక్కడ పోతుందో ముందే తెలుసుకుంటే సుద్దముక్కకి దారి తెలుస్తుంది.

వెల్డింగ్ లేకుండా గడిచేవి ఎన్ని?

రేకు ఇంకా గట్టిగా ఉండి, పైన ఎర్రపొడి మాత్రమే ఉంటే రస్ట్ కన్వర్టర్ సరిపోతుంది. టానిక్ యాసిడ్ ఉన్న రకం తుప్పుని నల్లటి పొరగా మారుస్తుంది, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్నది ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. ఏదైనా సరే, వదులు పెచ్చులన్నీ వైర్ బ్రష్‌తో పోగొట్టాకే పూయాలి. పెచ్చుల మీద పూస్తే పై పొర మాత్రమే మారి కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఆరాక ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయండి. పూసే ముందు ఆ ప్రైమర్ కన్వర్టర్ మీద పట్టుకుంటుందో లేదో డబ్బా మీద చదవండి, అన్నీ అన్నిటితో కలవవు. తుప్పంతా గీకేసి మెరిసే లోహం బయటపడితే ఇక కన్వర్టర్‌తో పని లేదు, నేరుగా ప్రైమరే.

ఫైబర్ గుడ్డ, రెసిన్, దాని మీద లప్పం. దీనికి తెలుగులో ఎప్పుడో పేరు పెట్టేశారు: పైన పటారం, లోన లొటారం. లప్పం తేమ పీలుస్తుంది. వెనక నుంచి నీళ్ళు తగిలే చోట పెడితే కొన్నాళ్ళకి రేకుతో సహా పలకలా ఊడొస్తుంది. త్వరలో మార్చేయబోయే ఫెండర్‌ని ఈలోపు లాక్కురావడానికైతే సరే. బరువు మోసే చోట మాత్రం అది మరమ్మతు కిందికి రాదు. తర్వాత ఆ కారు కొనేవాళ్ళని కూడా మోసం చేస్తుంది.

చాలామంది పట్టించుకోనిది ప్యానెల్ అంటించే రెండు భాగాల జిగురు. కార్ల కంపెనీలే ఇలాంటి జిగుర్లు వాడుతున్నాయి. డోరు పై రేకు, వెనక ఫెండర్ ముక్క లాంటి బయటి రేకులకి దీనితో వేడి ఉండదు, రేకు వంకర పోదు, నిప్పు భయం లేదు. కానీ రెండు వైపులా మెరిసే లోహం కావాలి, ఒకదాని మీద ఒకటి వెడల్పుగా ఎక్కాలి, ఆరేదాకా క్లాంపులు కదలకూడదు. తర్వాత పక్కనే వెల్డింగ్ చేస్తే జిగురు కాలి పట్టు వదిలేస్తుంది. బయటి రేకు మీద చిన్న పనైతే, చేతికి వెల్డింగ్ ఇంకా రాకపోతే, నేను దీనికే ఓటేస్తాను. సిల్‌కీ ఛాసిస్‌కీ సొంత లెక్కలతో దీన్ని నమ్ముకోవద్దు.

ఇక మెషిన్

కారు బయటి రేకు మందం సుమారు 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లు. తుప్పు తిన్న అంచుల్లో అందులో సగమూ ఉండదు. మెషిన్లని పోల్చేటప్పుడు ఈ అంకె గుర్తుంటే చాలు.

రాడ్‌తో చేసే మామూలు ఆర్క్ వెల్డింగ్ అందరికీ తెలిసినదే, గేట్లకీ గ్రిల్స్‌కీ వాడేది. నేను కూడా ఇంట్లో ఉంది కదా అని దీంతోనే మొదలుపెట్టాను. అన్నిటికన్నా సన్నటి రాడ్ తెచ్చి, ఆంపియర్లు అడుగుకి దించి, రూపాయి బిళ్ళంత చిల్లు పూడ్చబోయి అరచేతంత చేశాను. అనుభవమున్న చేతులు దీంతోనూ పలచటి రేకు అతికిస్తాయి, నిజమే. నేర్చుకునే చేతులకి మాత్రం ఇది పగవాడిలాంటిది.

గ్యాస్ లేకుండా, లోపల పొడి నింపిన వైరుతో నడిచే ఫ్లక్స్ కోర్ మెషిన్ దీనికి ఒక మెట్టు పైన. సిలిండర్ మోయక్కర్లేదు, ఆరుబయట గాలి వీస్తున్నా పనవుతుంది. కాకపోతే వేడి ఎక్కువ, చిందే రవ్వలు ఎక్కువ, వెల్డు మీద చిట్టెం కొట్టి తీయాలి. 1 మిల్లీమీటర్, అంతకన్నా మందం ఉన్న ఫ్లోరు మీద దీంతో నెట్టుకురావచ్చు. పలచటి ఫెండర్ మీద మాత్రం కన్నాలు పడతాయి. ఈ వైరుకి సాధారణంగా గన్ను నెగటివ్‌కి కలపాలి. గ్యాస్‌తో చేసేటప్పటి పాజిటివ్‌లోనే వదిలేసి "మెషిన్ బాగోలేదు" అని తిట్టుకునేవాళ్ళు చాలామంది.

గ్యాస్ మిగ్, అంటే గన్నులోంచి వైరు దానంతటదే వస్తుంటే చుట్టూ గ్యాస్ కప్పి కాపాడే మెషిన్. నేర్చుకునేవాళ్ళకి నా సలహా ఇదే. 0.6 మిల్లీమీటర్ల ఘన వైరు, ఆర్గాన్‌లో ఇరవై శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్. ఉత్త కార్బన్ డయాక్సైడ్‌తోనూ నడుస్తుంది, కానీ రవ్వలు ఎక్కువ చిందుతాయి, ఆర్క్ గరుగ్గా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే వెలుగు, వదిలితే ఆగుతుంది. క్షణం సేపు నొక్కి ఒక చుక్క పెట్టగలగడమే పలచటి రేకు మీద మనల్ని కాపాడేది. దీని బలహీనత గాలి. చిన్న ఈదురుకే గ్యాస్ చెదిరిపోయి వెల్డు స్పాంజిలా కన్నాలు కన్నాలుగా వస్తుంది. తలుపు దగ్గరగా వేయాలి, అలాగని పొగ మింగేటంతగా మూసుకోనూ కూడదు.

కొనేటప్పుడు ఒక కిటుకు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసేది ఆ మెషిన్ ఇవ్వగల గరిష్ఠ ఆంపియర్లు. మనకి కావలసింది కనిష్ఠం. 1 మిల్లీమీటర్ రేకుకి సుమారు 40 ఆంపియర్లు అన్నది మోటు లెక్క, ఆ లెక్కన 0.8 రేకుకి 30 చుట్టూ చాలు. కింద 30కి దిగలేని మెషిన్ పైన 250 ఇచ్చినా కారు పనికి పనికిరాదు.

టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ పుట్టించే టిగ్ వెల్డు చూడ్డానికి అందంగా ఉంటుంది. వెల్డు మెత్తగా ఉండి సుత్తితో సరిచేయడానికి వీలవుతుంది కూడా. అయితే ఒక చేతిలో టార్చ్, ఇంకో చేతిలో ఫిల్లర్ తీగ, చాలాసార్లు కాలి కింద పెడల్. ఇవన్నీ కారు కింద వెల్లకిలా పడుకుని చేయడం ఊహించుకోండి. పైగా రేకు వెనక ఏ మూలనో పెయింటో తుప్పో మిగిలితే టంగ్‌స్టన్ మొన పాడవుతుంది. తుప్పు కారుకి మొదటి మెషిన్‌గా వద్దు. గ్యాస్ మంటతో చేసే వెల్డింగ్ పాత టింకరింగ్ మేస్త్రీల చేతిలో అద్భుతం, మన చేతిలో మాత్రం రేకు అప్పడంలా వంకర పోతుంది.

అతుకు పక్కపక్కనా, ఒకదాని మీద ఒకటా?

కొత్తవాళ్ళ పని ఎక్కువగా చెడేది మెషిన్ దగ్గర కంటే కోత దగ్గరే. పాత రేకు మీద జాలితో చిల్లు అంచు వరకే కోస్తాం. ఆ అంచు కాగితమంత పలచన, ఆర్క్ తగలగానే కరిగి వెనక్కి జరుగుతుంది, దాన్ని పూడ్చబోతే ఇంకా వెనక్కి పోతుంది. మెరిసే మంచి లోహం వచ్చేదాకా, ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువే కోసేయండి. చిల్లు పెద్దదైందని బాధపడొద్దు, పని చిన్నదవుతుంది. కోతకి నాలుగు మూలలూ గుండ్రంగా ఉంచండి, పదునైన మూలల్లో ఒత్తిడి చేరి పగుళ్ళు వస్తాయి.

అతుకు ముక్క పాత రేకంత మందమే, లేదా పిసరంత ఎక్కువ ఉండాలి. ఫ్లోరుకి 20 గేజ్, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీట్ చక్కగా సరిపోతుంది. బలంగా ఉంటుందని 2 మిల్లీమీటర్ల రేకు వేస్తే దాన్ని కరిగించే వేడికి పక్కనున్న పాత రేకు ఆవిరైపోతుంది. జింక్ పూత ఉన్న జీఐ షీట్ తుప్పు పట్టదు కదా అనిపిస్తుంది, కానీ జింక్ కాలిన పొగ పీలిస్తే కొన్ని గంటలకి చలిజ్వరం పట్టుకుంటుంది. వాడక తప్పకపోతే వెల్డు చేసే అంచుల్లో జింక్‌ని గీకేసి, దానికి తగిన మాస్కు పెట్టుకుని, గాలి ఆడేలా చూసుకుని చేయండి.

ముక్కని పాత రేకు మీద ఓ సెంటీమీటరున్నర ఎక్కించి అతికిస్తే అది లాప్. రెండు అంచులూ పక్కపక్కన పెట్టి కలిపితే బట్. లాప్ చాలా సులువు. రెండు పొరలుంటాయి కాబట్టి కన్నం పడే భయం తక్కువ, కొలత అటూఇటూ అయినా ఫర్వాలేదు. కానీ ఆ రెండు పొరల మధ్య సందు నీళ్ళకి నిలయం. రెండు వైపులా సీమ్ సీలర్ (అతుకు సందుల్ని మూసే ముద్ద) పూయకపోతే రేపటి తుప్పుకి మనమే గూడు కట్టినట్టు. బట్ అతుకులో సందు ఉండదు, బయట కనబడే చోట ఎత్తు తేడా కూడా ఉండదు, కానీ ముక్క కొలత ఖచ్చితంగా కుదరాలి, మధ్యలో వైరు మందమంత ఖాళీ మాత్రమే వదలాలి. వెనక రాగి పలక ఒకటి ఆనించి పట్టుకుంటే అది వేడిని లాగేస్తుంది, వెల్డు దానికి అంటుకోదు, చిన్న చిన్న కన్నాలు సులువుగా పూడతాయి. రాగి గొట్టం ముక్కని సుత్తితో చదును చేసినా అదే పని చేస్తుంది.

నేనైతే ఫ్లోరుకి లాప్, బయటి రేకుకి బట్ అంటాను. ఫ్లోరు మీద పది అతుకులు వేశాక చేతులకి బట్ దానంతటదే వస్తుంది.

ఏ అతుకైనా గీత గీసినట్టు ఏకబిగిన లాగొద్దు. ఒక మూల చుక్క, ఎదురు మూల చుక్క, తర్వాత మధ్యలో, ఆ మధ్యలకి మధ్యలో. చుక్క చుక్కకీ చెయ్యి ఆనించగలిగేంత చల్లారనివ్వాలి. అలా చుక్కలన్నీ ఒకదానికొకటి తగిలి ఖాళీ లేకుండా కలిసేదాకా తిరగాలి. విసుగు పుడుతుంది. ఆ విసుగులోనే "ఈ రెండంగుళాలూ ఒకేసారి లాగేద్దాం" అనిపిస్తుంది, రేకు ఉబ్బి డొప్పలా లేచేది అప్పుడే.

రెడీమేడ్ ముక్కల సంగతి. బాగా అమ్ముడైన మోడళ్ళకి సిల్, వీల్ ఆర్చ్, సగం ఫ్లోరు లాంటివి విడిగా దొరుకుతాయి. చదునుగా ఉండేవి మీరే కోసుకోండి. రెండు వైపులా వంపు తిరిగే వీల్ ఆర్చ్ లాంటివి కొనుక్కోండి, చేత్తో ఆ వంపు తేవడం వేరే విద్య. ఒక్క షరతు: కొత్త ముక్క చేతికొచ్చి, కారు మీద ఆనించి గీత గీసుకునేదాకా పాతది కోయకూడదు.

సిల్ దగ్గర ఆగండి

డోర్ల కింది సిల్‌ని కోసేస్తే ఆ వైపు కారు నడుము విరిచినట్టే. పైకప్పు తప్ప బరువు మోసేది పెద్దగా మిగలదు. డోరు సందులు ముందే కొలిచి రాసుకోవాలి, డోరు తీసిన ఖాళీలో అడ్డంగా ఇనుప పట్టీలు తాత్కాలికంగా బిగించాలి, ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. ఇవేవీ లేకుండా కోసి, కొత్త సిల్ వెల్డు చేసి, కిందకి దించాక డోరు మూసుకోలేదంటే ఇక దాన్ని సరిచేయడం కన్నా మళ్ళీ కోయడమే దారి.

మొదటి కారు మీద సిల్‌నీ, సస్పెన్షన్ చోట్లనీ అనుభవమున్నవాళ్ళకి ఇచ్చేయమంటాను, లేదా వాళ్ళని పక్కన నిలబెట్టుకుని చేయమంటాను. ఇందులో నామోషీ లేదు. కోత, శుభ్రం, ముక్కల తయారీ మీరు చేసి వెల్డు మాత్రం చేయించుకున్నా సగం పని నేర్చుకున్నట్టే. కొత్త తరం కార్లలోనైతే స్తంభాలకి వాడే అతిబలమైన ఉక్కు, వెల్డింగ్ వేడికి బలం కోల్పోతుంది. పాత చిన్న కార్లు చాలావరకు మామూలు మెత్తటి ఉక్కే కావడం మనలాంటివాళ్ళ అదృష్టం. రెండు సిల్‌లు, సస్పెన్షన్ చోట్లు, స్తంభాల అడుగులు అన్నీ కలిపి పోయి ఉంటే మాత్రం ఆ కారుని విడిభాగాలకి వాడుకుని ఇంకో బాడీ వెతుక్కోవడం మంచిది. చెప్పడానికి కష్టంగానే ఉంటుంది.

నిప్పు, కళ్ళు, విషం

ఇది చదవకుండా దాటేయకండి. మనం వెల్డు చేసేది రేకు ఇటు వైపు, అంటుకునేది అటు వైపు. కింద పూసిన తారు, లోపలి శబ్దం ఆపే మ్యాట్లు, కార్పెట్, సీటు స్పాంజి, పెట్టెల్లో పోసిన పాత మైనం అన్నీ కాలేవే. అటు వైపు ఒక మనిషిని కాపలా పెట్టండి, మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉంచండి. పని అయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండండి. పెట్రోలు ట్యాంకు, గొట్టాల దగ్గర పనుంటే వాటిని ఊడదీసి దూరంగా పెట్టాకే. బ్యాటరీ విప్పేయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే దాని కనెక్షన్లూ తయారీదారు చెప్పిన పద్ధతిలోనే తీయాలి. ఎర్త్ క్లాంపుని వెల్డు చేసే చోటికి దగ్గరగా, శుభ్రమైన లోహం మీద బిగించండి.

క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో రేకు తుడిచి వెల్డింగ్ మొదలుపెట్టొద్దు. ఆర్క్ వేడికీ, దాని అతినీలలోహిత వెలుగుకీ అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారగలదు, కొంచెమే అయినా ప్రాణాల మీదికి తెస్తుంది.

కళ్ళకి దానంతటదే నల్లబడే హెల్మెట్ తీసుకోండి, ఈ తక్కువ ఆంపియర్లకి 9 లేదా 10 షేడ్ సరిపోతుంది. ఒక్క చుక్కే కదా అని కళ్ళు మూసుకుని వేసేవాళ్ళుంటారు. ఆ తప్పు కొన్ని గంటల తర్వాత, సరిగ్గా నిద్రపోబోయే వేళకి, కళ్ళలో ఇసుక పోసినట్టుగా తెలుస్తుంది. ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి, నైలాన్ రవ్వకి కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

మొదటి చుక్క ఎక్కడ పెట్టాలి

కారు మీద కాదు. పారేసే పాత ఫెండర్ ఒకటి సంపాదించి, అదే మందం ముక్కలు కోసి, కనీసం ముప్పై నలభై అతుకులు వేయండి. ప్రతిదాన్నీ వైస్‌లో బిగించి సుత్తితో వంచి విరవండి. రేకు చిరిగి వెల్డు నిలిస్తే వెల్డు పట్టినట్టు. వెల్డు గీతలా ఊడొస్తే అది పైన మాత్రమే కూర్చుంది, వేడి చాల్లేదు. వెనక వైపు తిప్పి చూడండి, అక్కడ కూడా సన్నటి గీత కనబడాలి. ఈ పరీక్షలో వరసగా పది నెగ్గాక స్పేర్ టైరు గుంతకో, కాళ్ళ కింది ఫ్లోరుకో వెళ్ళండి.

వెల్డు అయ్యాక ఎత్తుగా ఉన్నది గ్రైండర్‌కి బిగించే ఫ్లాప్ డిస్క్‌తో సమం చేయండి, పక్క రేకు పలచబడేదాకా మాత్రం అరగదీయొద్దు. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద సీమ్ సీలర్, తర్వాత పెయింట్. సిల్ లాంటి పెట్టెల లోపల వెల్డు వేడికి పాత పూత కాలిపోయి ఉంటుంది, అక్కడికి బ్రష్ చేరదు. పొడుగు గొట్టం ఉన్న స్ప్రేతో క్యావిటీ మైనం లోపలంతా పట్టించండి. మైనం మండుతుంది కాబట్టి ఆ చుట్టుపక్కల వెల్డింగ్ మొత్తం అయిపోయాకే ఇది చేయాలి. ఒకటి రెండు రోజులయ్యాక సన్నటి తీగ తీసుకుని సిల్ అడుగున నీళ్ళు పోయే రంధ్రాల్లో పొడిచి చూడండి, కారిన మైనంతో అవి మూసుకుపోయి ఉంటాయి.